గోదారి అంకె, ఇంటి గడప: భద్రాచలంలో వరదకు ముందు వాలంటీర్లు చేసిన పని

2022 జులై రెండో వారం. భద్రాచలంలో మా వీధిలో మైకు ఆటో తిరుగుతోంది. గోదావరి 53 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, లోతట్టు ప్రాంతాల వాళ్లు పునరావాస కేంద్రాలకు వెళ్లాలి అని చెప్పుకుంటూ పోతోంది. వీధి చివర రేకుల ఇంట్లో ఉండే ఒక పెద్దాయన ఆటో వెనకే నాలుగడుగులు వేసి, అది ఆగకపోయేసరికి నా వైపు తిరిగాడు. "బాబూ, యాభై మూడంటే నా గడపకొస్తాదా, రాదా?"

నేను ఇళ్ల స్థలాలు కొలిచి, ప్లాన్లు గీసి, పునాదులకు లెవెల్ పట్టి బతికేవాణ్ని. ఆ వీధిలో సగం ఇళ్లకు లెవెల్ పట్టింది నేనే. ఏ ఇల్లు రోడ్డుకంటే ఎన్ని అంగుళాలు ఎత్తో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. రేవు దగ్గర కొలిచే అడుగుకీ మా వీధిలో నేను పట్టిన లెవెల్‌కీ మధ్య ఎవరూ గీత గీయలేదు. నాకూ ఆ ఆలోచన రాలేదు.

"పోదాం పద బాబాయ్, ఎందుకైనా మంచిది" అన్నాను. ఆయన రాలేదు. జులై 16 తెల్లవారేసరికి గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఆయన్ని అంతకు ముందే పడవలో తెచ్చారు. బతికాడు. బియ్యం, బీరువా, మేకలు పోయాయి. ఆ ఏడాది దీపావళికి ముందు వాలంటీర్లం పద్దెనిమిది మందిమి ఒక చోట కూర్చున్నప్పుడు నేను ముందుగా చెప్పింది ఆ ప్రశ్నే. వచ్చే వానాకాలానికి ఊళ్లో ప్రతి గడపకూ ఒక అంకె ఉండాలి. మేము చేసిన పని మొదలైంది అక్కడే, తప్పు దారి పట్టిందీ అక్కడే, సరిదిద్దుకున్నదీ అక్కడే. ఏటి ఒడ్డున ఇలాంటి పనికి దిగేవాళ్లకు ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

ఊరు, ఏరు

భద్రాచలం గోదావరికి ఎడమ గట్టున ఉంది. అవతలి గట్టున సారపాక. నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెద్దవాళ్ల నోట ఇంకో వరస ఉంటుంది: 1986 ఆగస్టులో 75.6, 1990లో 70.8, 2006లో 66.9. ఇప్పుడు ఆ వరసలో 2022 నాటి 71.3 కూడా చేరింది. ఎనభై ఆరు తర్వాత ఇంత నీరు చూడటం అదే మొదటిసారి. 1965 నుంచి వాడుకలో ఉన్న వంతెన మీద ఆ రోజుల్లో రాకపోకలు ఆపేశారు. వంతెన ఆగిందంటే మందుల బండి, కూరగాయల బండి, డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషి, అందరూ ఆగిపోయినట్టే.

ఇక్కడికి నీరు ఒక్క దారిన రాదు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది, దిగువన ఇంద్రావతి కలుస్తుంది. ఆ రెండు నదుల నీళ్లనూ కలుపుకున్న గోదారి మట్టం పేరూరులో తెలుస్తుంది. మా పైనున్న చర్ల దగ్గర తాలిపేరు గేట్లు ఎత్తితే ఆ నీళ్లు వేరుగా వస్తాయి. మాకు కింద కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి పొంగి ఉంటే గోదారి నీళ్లు కిందికి త్వరగా జారవు. ఇక్కడివాళ్లు దాన్ని ఎగపోటు అంటారు. పేరూరులో తగ్గుతోందన్న కబురు విని సంచులు సర్దుకుని ఇంటికి బయల్దేరినవాళ్లు, ఇక్కడ నీళ్లు కదలకుండా నిలబడి ఉండటం చూసి దారిలోంచే వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. అందుకే మా వాలంటీర్లకు నేర్పిన మొదటి పాఠం మూడు చోట్ల మట్టాలు చూడటం: పైన పేరూరు, ఇక్కడ భద్రాచలం, కింద కూనవరం. ఈ మూడూ తెలియకుండా "తగ్గుతోంది, వెళ్లండి" అని ఎవరికీ చెప్పకూడదని గట్టిగా అనుకున్నాం.

ఇక కరకట్ట. 1986 వరద తర్వాత ఊరి రక్షణకు కట్టిన మట్టికట్ట అది. అది లేకపోతే 2022లో ఊరు ఏమయ్యేదో ఊహించుకోవడానికే భయమేస్తుంది. కానీ కట్టకు తూములున్నాయి. మామూలు రోజుల్లో ఊళ్లో పడిన వాన నీరు, మురుగు నీరు ఆ స్లూయిస్‌ల గుండానే ఏట్లోకి పోతుంది. గోదారి పెరిగినప్పుడు ఆ తలుపులు దించేస్తారు, లేకపోతే ఏరు వాటి గుండానే ఊళ్లోకి వస్తుంది. తలుపులు దించాక లోపల పడిన వానకు దారి లేదు. మోటార్లతో తోడి కట్ట దాటించి పోయాలి. మోటారు ఆగినా, తోడేదానికంటే వాన ఎక్కువైనా, రామాలయానికి పడమర వైపు, అన్నదాన సత్రం, విస్తా కాంప్లెక్స్ చుట్టూ నీళ్లు నిలుస్తాయి. అంటే ఈ ఊరికి రెండు వరదలున్నాయి. ఒకటి బయట నుంచి వచ్చేది. ఒకటి లోపల నిలిచేది. ఇది మాకు ముందే తెలుసు. తెలిసి కూడా లెక్కలో మర్చిపోయాం.

గోడ మీద మచ్చ, చేతిలో టేపు

మొదట నేను అనుకున్నది పెద్ద పద్ధతి. ఆటో లెవెల్ (ఎత్తుల తేడా కొలిచే మిషను) అద్దెకు తెచ్చి, రేవు దగ్గర నీటి అంచు నుంచి మొదలుపెట్టి, వీధి వీధికీ లెవెల్ మోసుకెళ్లి, కరెంటు స్తంభాల మీద అంకెలు వేయాలని. మూడు ఆదివారాలు చేశాం. స్టాఫ్ (కొలత గీతలున్న పొడుగు కర్ర) పట్టుకునే కుర్రాళ్లు కదలకుండా నిలబడటం నేర్చుకునేసరికే మూడు వారాలూ అయిపోయాయి. ఈ లెక్కన మే నెలకు పది వీధులు కూడా కావు.

దారి చూపించింది మాతో వచ్చే ఒక అంగన్‌వాడీ టీచరు. ఆమె ఇంటి గోడ మీద బురద మచ్చ ఇంకా అలాగే ఉంది, సున్నం వేయించలేదు. "ఈ గీత దాకా వచ్చింది కదా సార్ డెబ్బై ఒకటి. మరి దీన్నుంచి కిందికి కొలుచుకుంటే సరిపోదా?" అంది.

సరిపోతుంది. నీళ్లు గరిష్ఠంగా నిలిచిన గీత అది. ఆ గీత దగ్గర గోదారి అంకె 71.3. గీత నుంచి గడప దాకా టేపు పెట్టి కొలిస్తే ఎంత వస్తుందో, దాన్ని 71.3లోంచి తీసేయాలి. మిగిలింది ఆ గడప అంకె. అంటే ఏరు ఆ అంకెకు వచ్చినప్పుడు ఈ గడపకు నీళ్లు తగులుతాయి. లెవెల్ మిషనూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. టేపు, సుద్దముక్క, నోటుబుక్కు ఉంటే డ్వాక్రా సంఘంలో పదో తరగతి చదివిన ఎవరైనా చేయగలరు.

పద్ధతి తేలికే గానీ మూడు చోట్ల జారిపోతాం. మొదటిది అంగుళాలు. 71.3 అడుగులంటే 71 అడుగుల 3 అంగుళాలు కాదు, 71 అడుగుల మీద అడుగులో పదింట మూడు వంతులు, అంటే మూడున్నర అంగుళాలు దాటి ఉంటుంది. టేపు మీద మాత్రం అడుగుకి పన్నెండు అంగుళాలు. గీత గడప కంటే 8 అడుగుల 4 అంగుళాల ఎత్తులో ఉంటే, మావాళ్లు 8.4 తీసేసి 62.9 అని రాశారు. తీయాల్సింది 8.33, వచ్చేది 63 దగ్గర. ఇక్కడ తేడా చిన్నదే. 11 అంగుళాలను .11 అని రాసిన చోట మాత్రం ఇంచుమించు ముప్పాతిక అడుగు తేడా వచ్చింది. అప్పుడు అంగుళాలను పదో వంతుల్లోకి మార్చే చిన్న పట్టిక ఒక అట్ట మీద రాసి, ప్రతి జట్టుకూ ఒకటి ఇచ్చాం.

రెండోది, ఏ మచ్చ? గోడ మీద ఒకటికి నాలుగు గీతలుంటాయి. నీరు తగ్గేటప్పుడు ఆగి ఆగి తగ్గుతుంది, ఆగిన చోటల్లా బురద గీత పడుతుంది. అన్నిటికంటే పై గీతే మనకు కావాలి. చాలా ఇళ్లలో అది లేతగా ఉంటుంది. కడిగేసిన గోడల మీద అసలుండదు. అలాంటప్పుడు బీరువా వెనక, తలుపు రెక్క లోపలి వైపు, దేవుడి పటం తీసిన చోట, మెట్ల కింద వెతకాలి. పక్కింటి గీతను మోసుకురావాలంటే మేస్త్రీలు వాడే నీటి గొట్టం చాలు, రెండు చివర్లలో నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది కాబట్టి.

మూడోది ఏటి వాలు. ఏటి నీరు చెరువు నీరులాగా బల్లపరుపుగా ఉండదు, పై నుంచి కిందికి వాలుతూ ఉంటుంది. రేవు దగ్గర లెవెల్ పెట్టి అంకె మోసుకెళితే ఊరి దిగువ చివర తేడా వస్తుంది. మచ్చ పద్ధతిలో ఆ గొడవ చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే ఆ ఇంటి దగ్గర నిలిచిన నీరే సాక్ష్యం. రెండు పద్ధతులూ చేసిన స్తంభాల దగ్గర పోల్చి చూస్తే అర అడుగు లోపే తేడా ఉంది. అలలు, ఎదురుగాలి, కొలతలో తప్పు, అన్నీ కలిపి ఒక అడుగు జాగ్రత్తకు వదిలేశాం. లెక్క ప్రకారం 58 వస్తే గోడ మీద 57 అని రాశాం.

అంకెను ఇంటి ముందు గోడ మీద, కంటికి ఎదురుగా, నీలం రంగుతో రాశాం. ముందు ఎరుపు అనుకున్నాం. ఒక ఇంటావిడ ఒప్పుకోలేదు. "ఎర్ర గీతుంటే మా అమ్మాయిని చూడ్డానికొచ్చేవాళ్లు ఏమనుకుంటారు పిన్నీ?" అని మా జట్టులో ఉన్నామెను అడిగింది. ఆ మాటకు విలువివ్వాలి. తన గోడ మీద రాసేది ఆమెకు నచ్చకపోతే, వారం తిరక్కుండా సున్నం వేయించేస్తుంది. నీలం అందరూ ఒప్పుకున్నారు.

కొలతలు తీసేటప్పుడే ఇంటింటికీ ఒక పేజీ రాశాం. దానికి గడప పుస్తకం అని పేరు పెట్టుకున్నాం. నడవలేని వాళ్లెవరు, ప్రసవం ఏ నెలలో, రోజూ మందు మింగేవాళ్లెవరు, పశువులెన్ని, ఇల్లు సొంతమా అద్దెదా, రాత్రిపూట తలుపు తడితే ముందు లేచేదెవరు. ఈ చివరి ప్రశ్న మా జాబితాలో లేదు, ఒక ఆశా కార్యకర్త చేర్పించింది. వరద అర్ధరాత్రి వచ్చినప్పుడు మిగతా అన్నిటికంటే అదే పనికొచ్చింది.

కట్ట లోపలి ఇళ్లు: మేము రాసిన తప్పు అంకె

2023 జూన్‌కు కట్ట బయటి వీధులు పూర్తయ్యాయి. ఉత్సాహంలో కట్ట లోపలి పల్లపు వీధుల్లోకి కూడా టేపు తీసుకుని వెళ్లాం. అక్కడ కూడా 2022లో నీళ్లు నిలిచాయి, గోడలకు మచ్చలున్నాయి. అదే లెక్క వేశాం. గడప కంటే గీత మూడడుగులు పైన ఉంటే 71.3లోంచి 3 తీసి, జాగ్రత్తకు ఒకటి తగ్గించి, 67 అని రాశాం.

ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ఎందుకో చెబుతాను. కట్ట బయట నిలిచింది ఏటి నీరు. దాని మట్టం ఏటి మట్టమే. కట్ట లోపల నిలిచింది వాన నీరు, తూముల దగ్గర ఊరిన నీరు. ఏటి మట్టంతో దానికి నేరుగా సంబంధం లేదు. ఏరు 71 దగ్గర ఉన్నప్పుడు లోపలి నీరు అంతకంటే ఎంతో కిందుంది, మధ్యలో కట్ట ఉంది కాబట్టి. ఆ ఇంటి గడపకు నీళ్లు తగలడానికి గోదారి 67కి రానవసరం లేదు. తూము తలుపులు దించేంత వస్తే చాలు, పైన గట్టి వాన పడితే చాలు. మేము రాసిన అంకె ఆ ఇంటికి లేని ధైర్యం ఇచ్చింది.

2023 జులై ఆఖరు వారం. ఎగువన వానలు కుంభవృష్టి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, తెలంగాణలో అప్పటిదాకా నమోదైన వాటిలో అదే ఎక్కువ. ఇక్కడా వాన ఆగలేదు. గోదారి ఇంకా రెండో హెచ్చరిక దరిదాపుల్లో ఉండగానే కట్ట లోపల ఒక వీధిలో నీళ్లు నిలవడం మొదలైంది. ఆ వీధి చూసే వాలంటీరు ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లి "అమ్మమ్మా, పదండి" అంటే, ఆమె గోడ వైపు చూపించింది. "అరవై ఏడని మీరే రాశారుగా నాయనా. ఇంకా యాభైయ్యన్నా కాలేదు కదా."

ఆ కుర్రాడికి ఏం చెప్పాలో తోచక నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి నీళ్లు గడప దాటి మంచం కోళ్లను తాకాయి. ఆమెను ఎత్తుకుని బయటికి తెచ్చాం. వంటింట్లో బియ్యం డబ్బా తడిసింది, అంతకు మించి నష్టం జరగలేదు. జరగకపోవడం మా గొప్ప కాదు, నీరు నెమ్మదిగా పెరిగింది కాబట్టి. గోడ మీద అంకె లేకపోయి ఉంటే ఆమె తన కంటిని నమ్మేది. 2022కి ముందు అలాగే నమ్మేది. మా అంకెను నమ్మింది.

ఆ రాత్రే సున్నం బకెట్లు తీసుకుని కట్ట లోపలి అంకెలన్నీ చెరిపేశాం. వాన పడుతూనే ఉంది, సున్నం సరిగా అంటలేదు, కొన్ని చోట్ల బొగ్గుతో కొట్టేశాం. ఆ సమయంలో ఊళ్లో చేయాల్సిన పనులు వంద ఉన్నాయి, అయినా ముందు అదే చేయాలనిపించింది. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను.

ఆ వానాకాలం అయ్యాక లోపలి ఇళ్లకు వేరే పద్ధతి పెట్టుకున్నాం. అక్కడ గోడ మీద గోదారి అంకె ఉండదు. వీధికి అన్నిటికంటే పల్లంలో ఉన్న ఒక స్తంభానికి అడుగు అడుగుకీ గీతలు గీసి, ఏ గీతకు నీరొస్తే ఏ ఇళ్లకు చేరుతుందో రాశాం. కబురు రెండు మాటల్లో వస్తుంది: తూము తలుపులు దించారు, మోటార్లు ఆడుతున్నాయి. లేదా, తలుపులు దించారు, మోటారు ఆగింది. రెండో కబురు వస్తే వాన పడుతున్నా లేకపోయినా మంచం పట్టినవాళ్లను కదిలించాలి. ఈ కబురు కోసం వంతులవారీగా మా మనుషులు ఇద్దరిని స్లూయిస్ దగ్గర ఉంచుతాం. వాళ్లు మోటార్ల జోలికి పోరు, అక్కడి సిబ్బంది పనికి అడ్డం రారు. చూసి చెప్పడమే వాళ్ల పని.

రమ్మంటే ఎందుకు రారు

అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన జనం కదలరు. 2023లో గోదారి 56 అడుగులు దాటింది. బయటి వీధుల్లో 55, 56 అని రాసి ఉన్న ఇళ్లలో కొందరు చివరి గంట దాకా కదల్లేదు. అంకె మీద అనుమానం ఉండి కాదు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని అడిగాం.

ఒకాయన ఎనభై ఆరును చెప్పాడు. "డెబ్బై ఐదొచ్చినప్పుడే మా నాయన ఇల్లొదల్లేదు." ఆయన చెప్పింది నిజమే. కానీ అప్పటి ఇల్లు మిట్ట మీద, రెండు వీధుల అవతల ఉండేది. ఇప్పుడుంటున్నది అప్పట్లో పొలం. పాత వరద జ్ఞాపకం మనిషితో వస్తుంది గానీ నేలతో రాదు. ఆయన్ని తీసుకెళ్లి పాత ఇంటి గడప అంకె, ఇప్పటి గడప అంకె పక్కపక్కన చూపించాం. అప్పుడు మాట్లాడకుండా చాలాసేపు ఆలోచించాడు.

ఆడవాళ్లు చెప్పిన కారణం ఒక్కటే, దాదాపు అందరూ అదే చెప్పారు: పునరావాస కేంద్రంలో మరుగుదొడ్డి. 2022లో వాళ్లున్న ఒక కేంద్రంలో తలుపులకు గొళ్లాలు లేవు, రాత్రి దీపం లేదు. రెండు రోజులు నీళ్లు తాగడం మానేసిన వాళ్లున్నారు. ఈ విషయం మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు, ఎందుకంటే మొదటి ఏడాది ఇళ్లకు వెళ్లి మాట్లాడిన జట్టుల్లో ఎక్కువ మంది మగవాళ్లమే. 2024 మే నెలలో మా డబ్బుతో గొళ్లాలు కొన్నాం, వడ్రంగి కూలి తీసుకోకుండా బిగించాడు, ఛార్జింగ్ దీపాలు తెచ్చాం. నా లెక్కలో మేము చేసిన పనులన్నిట్లో ఖర్చుకు తగ్గ ఫలితం ఎక్కువ ఇచ్చింది ఆ గొళ్లాలే. నేను లెవెల్ పట్టేవాణ్ని కాబట్టి అంకెల మీదే ధ్యాస పెట్టాను. ఆ ధ్యాసలో సగమైనా మొదటి ఏడాదే మరుగుదొడ్ల మీద పెట్టి ఉండాల్సింది.

పశువులు మరో కారణం. బర్రెను వదిలి మనిషి రాడు. పశువులు కట్టేసుకోవడానికి మిట్ట మీద ఖాళీ స్థలం ఇస్తామని ఒకరు ముందుకొచ్చాక ఆ వీధి నుంచి జనం ముందురోజే బయల్దేరారు. అద్దెకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఊరు కొత్త, గోదారి కొత్త, మా వాట్సాప్ గ్రూపుల్లో ఉండరు. ప్రతి జూన్ మొదటి వారంలో అద్దె ఇళ్లను మాత్రం మళ్లీ మొదటి నుంచి తిరుగుతాం.

దొంగల భయం కూడా ఉంది. దానికి మా దగ్గర మంచి జవాబు లేదు. వీధికి ఇద్దరు మేడ ఇళ్లవాళ్లు పైఅంతస్తులో ఉండి చూస్తుంటామని మాట ఇచ్చారు. కొందరు ఆ మాట నమ్మారు, కొందరు నమ్మలేదు.

వాలంటీరు చేయకూడని పనులు

మా పద్ధతిలో ఇది పక్కాగా రాసుకున్నాం, ఎందుకంటే కుర్రాళ్లకు ధైర్యం ఎక్కువ. పారే నీట్లో మోకాలు దాటి దిగకూడదు. ఎవరైనా చిక్కుకుంటే చోటు చెప్పాలి, పడవ, లైఫ్ జాకెట్లు ఉన్న ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లను గానీ, అధికారులు పెట్టిన పడవవాళ్లను గానీ పిలవాలి. ఈతొచ్చినా సరే. కరెంటు తీయించారని లైన్‌మన్ నోటితో వినకుండా తడిసిన ఇంట్లో అడుగుపెట్టకూడదు. నీళ్లు తీశాక ఇళ్లు కడిగేటప్పుడు కర్రతో తట్టి చూడకుండా మూల చెయ్యి పెట్టకూడదు, పాములు అక్కడే దూరతాయి. రాత్రి కాపలా ఒక్కరే ఉండకూడదు. ఫోన్లు ఆగిపోతాయని ముందే అనుకుని ప్రతి జట్టుకూ ఈల ఇచ్చాం: ఒక పొడుగు ఈల అంటే కదలండి, వరసగా చిన్న ఈలలంటే సాయం కావాలి.

ఫోన్‌లో వచ్చిన మట్టం పక్కవాళ్లకు పంపేటప్పుడు టైము లేకుండా పంపకూడదన్నది ఇంకో నియమం. "గోదారి 51" అన్న మెసేజ్ ఆరు గంటల తర్వాత కూడా తిరుగుతూ ఉంటుంది. అప్పటికి అది 49 కావచ్చు, 53 కావచ్చు.

2024 జులై

2024 జులై చివరి వారంలో మళ్లీ 53 దాటి మూడో హెచ్చరిక వచ్చింది. మైకు ఆటో అదే మాట చెప్పుకుంటూ వచ్చింది. ఈసారి వీధుల్లో జనం మాట్లాడుకున్న తీరు మారింది. "మాది యాభై ఏడు, మీదెంత వదినా?" "యాభై నాలుగు. సర్దుతున్నా." 54, 55 ఉన్న ఇళ్లవాళ్లు మూడో హెచ్చరికకు ముందే అటక మీదికి బియ్యం ఎక్కించారు. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కులు ప్లాస్టిక్ కవర్లో కట్టి మెడకు తగిలించుకున్న పెద్దమ్మను చూశాను. 60 దాటిన ఇళ్లవాళ్లు కదల్లేదు, కదలక్కర్లేదు కూడా. వాళ్లు వంట చేసి పంపారు. అందరినీ ఒక్కసారి రమ్మని పిలిచే బదులు ఎవరి వంతు ఎప్పుడో వాళ్లకే తెలిస్తే, కేంద్రంలో చోటూ సరిపోతుంది, బండ్లూ సరిపోతాయి. ప్రసవం దగ్గరపడ్డ ఇద్దరిని గడప పుస్తకం చూసి అంతకు రెండు రోజుల ముందే ఏరియా ఆసుపత్రికి పంపగలిగాం.

కట్ట లోపల ఒక వీధిలో స్తంభం మీద రెండో గీత దాకా నీళ్లు వచ్చాయి. మోటారు ఆగిన కబురు స్లూయిస్ దగ్గరి కుర్రాడి నుంచి వెంటనే అందింది. కిందటేడు గోడ వైపు చూపించిన పెద్దావిడ సంచి సర్దుకుని గడపలో కూర్చుని ఉంది. స్తంభం వీధి మలుపులో ఉండటంతో ఆమెకు ఇంట్లోంచి కనిపించదట. పక్కింటి పిల్లాణ్ని అరగంటకోసారి పంపి చూపించుకుంటోంది. ఆ స్తంభాన్ని ఎంచుకున్నప్పుడు పల్లం ఎక్కడుందో చూశాం గానీ, గడపలో కూర్చున్న మనిషికి కనబడుతుందా అని చూడలేదు. తర్వాతి వారం ఆమె ఎదురింటి ప్రహరీ మీద ఇంకో గీతల పలక గీశాం.

ఖర్చు, మిగిలిన పని

డబ్బు లెక్క పెద్దదేమీ కాదు. టేపులు, రంగు, ఈలలు, దీపాలు, గొళ్లాలు, మైకు ఆటోకు పెట్రోలు. చందాలతో గడిచింది. ఖరీదైంది సమయం. మొదటి ఏడాది పద్దెనిమిది మందిలో సగం మంది రెండో ఏడాదికి మిగల్లేదు, ఉద్యోగాలకు, చదువులకు వెళ్లిపోయారు. నిలబడింది ఎవరంటే ఆ వీధిలోనే ఉండి, ఆ వీధినే చూసుకునే ఆడవాళ్లు. ఇప్పుడు గడప పుస్తకాలు వాళ్ల దగ్గరే ఉంటాయి, నా దగ్గర నకలు ఉంటుంది.

అంకెలు ఒకసారి రాస్తే అయిపోయేవి కావు. సంక్రాంతికి సున్నాలు వేస్తారు, అంకె పోతుంది. గడప పుస్తకం చూసి మళ్లీ రాస్తాం. ఇళ్లు మారతాయి. మొన్న ఒకాయన వచ్చి, "సర్వేయరు బాబూ, అరుగు ఎత్తించి కట్టించాను, అంకె మార్చాలి" అన్నాడు. వెళ్లి కొలిచాను. ముందు 56, ఇప్పుడు 58. ఆయన సంతోషించాడు. పక్కింటామె మాత్రం గోడ దగ్గరే నిలబడి ఉంది. ఆయన ఎత్తించింది అరుగొక్కటే కాదు, దాని ముందు వాకిలంతా మట్టి పోయించి లేపాడు. ఇదివరకు ఆ వాకిలి మీదుగా కాలవలోకి పోయే వాన నీరు ఇప్పుడు ఆమె ఇంటి వైపు మళ్లింది. ఆమె గోడ మీద అంకె అదే, ఏరు వచ్చేది అప్పుడే. కానీ వాన నీరు మాత్రం ముందే వస్తుంది. ఇద్దరి మధ్యా కాలవ తవ్వించడానికి ఎవరు ఎంత పెట్టుకోవాలో మాట్లాడాలి. వచ్చే ఆదివారం ఇద్దరినీ కూర్చోబెడుతున్నాం. టేపు తీసుకెళ్తున్నాను.